ఓబులేసును ఇచ్చేసిన రోజు

నమ్మకం లేనివాళ్ళు ఇప్పుడే లేచి వెళ్ళిపోవచ్చు. సగం విని నవ్వేవాళ్ళతోనే పేచీ. ఆ ఏడు గుత్తి చుట్టుపక్కల ఎండలు ఎట్లా కాశాయంటే, కింద పడితే తన నీడ కాలిపోతుందని కాకి కొమ్మ దిగేది కాదు.

ఎర్రదిన్నె ఊళ్ళో గడ్డిపోచ లేదు. రోజుకో ఎద్దు కూలుతోంది. మద్రాసులో దాతల సంఘం ఒకటి సీడెడ్ జిల్లాలకని నలభై రైలుపెట్టెల గడ్డి ఎత్తిపెట్టింది. ఇంగ్లీషులో అర్జీ పెట్టుకున్న ఊరికి గడ్డి వస్తుంది. ఊళ్ళో ఇంగ్లీషు వచ్చినవాడు ఓబులేసు ఒక్కడే. బళ్ళారిలో చదివి వచ్చి, మూడేళ్ళుగా కొండకింద గుడిసెలో హుసేనప్ప తాతకు శిష్యుడుగా ఉన్నాడు. అతను అర్జీ రాస్తే, దాన్ని చదివే దొర మొదట టోపీ తీసి పక్కన పెట్టుకునేవాడట.

అటువంటివాడు కాగితమంతా నింపి, ప్రాంతం పేరు 'సీడెడ్' అని రాయాల్సిన చోట ఖాళీ వదిలేశాడు. కాగితం తిరిగి వచ్చింది. మళ్ళీ పంపడానికి ఆ సాయంత్రమే ఆఖరు తపాలా.

"ఒక్క మాటే కదప్పా, రాసెయ్" అన్నాడు ఊరి పెద్ద నాగిరెడ్డి.

"అర్థం తెలిస్తే నువ్వూ రాయవు మామా. సీడెడ్ అంటే ఇచ్చేసినవి అని. నైజాం నవాబు మనల్ని కుంపిణీ దొరలకు ఇచ్చేసినాడు. మా ముత్తాతను ఎవరన్నా అడిగినారా? నూరేండ్లు దాటినా మనం ఇంకా ఇచ్చేసినవాళ్ళమేనా?"

"ఎద్దులు అర్థం తినవు ఓబులేసూ. గడ్డి తింటాయి."

ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. ఓబులేసు కాగితం తీసుకుని గుడిసెకు పోయాడు. తాత చింతపిక్కలు వేయిస్తున్నాడు.

"ఈ పేరు నా చేత్తో రాస్తే నేను నేను కాను తాతా. రాయకపోతే గొడ్లు చస్తాయి. ఏం చేయమంటావు?"

తాత కాగితం వైపు చూడలేదు. గంప నెత్తిన పెట్టుకుని బాటన పోతున్న సుంకమ్మను పిలిచాడు. రెండెద్దులు, నాలుగెకరాల మెట్టచేను తప్ప ఏమీ లేని ముసలామె.

"సుంకమ్మా, ఈ ఓబులేసును నీకిచ్చేసినా. తోలుకుపో."

సుంకమ్మ అతన్ని సంతలో కోడెను చూసినట్టు పైనుంచి కిందికి చూసింది. "పండ్లు బాగుండాయా సామీ?"

"చదువుకున్న పండ్లు. కరుస్తాయి."

ఓబులేసు ముఖం ఎర్రబడింది. "నన్ను అడగకుండానా?"

"అడగలేదు" అని తాత పిక్కలు తిప్పుకుంటూ కూర్చున్నాడు.

గురువు మాట. కాదనలేక ఆమె వెనకే నడిచాడు. మూడేళ్ళ సేవకు ఇదా? పాత గోనెసంచి ఇచ్చేసినట్టు ఇచ్చేశాడే.

కరువులో అక్కడ గొడ్లకు నాగజెముడే మేత. ఒక్కో మట్టను పట్టకారుతో మంటమీద పట్టి, ముళ్ళు కాల్చి, ముక్కలు కోసి పెట్టాలి. మొదటి మట్టకే ఓబులేసు వేళ్ళు కాల్చుకున్నాడు.

"పైపైన కాలిస్తే ఎట్లా అబ్బీ? ఒక్క ముల్లు మిగిలినా దాని నాలుక పోతాది" అంది సుంకమ్మ.

అప్పటినుంచి ముల్లు ముల్లూ చూసి కాల్చాడు. పొద్దు వాలేలోగా ఏడు బండ్ల జెముడు కాల్చాడు. ఎనిమిదంటారు కొందరు. ఏడే, మనకు అబద్ధమెందుకు.

పెద్దెద్దు తింది. చిన్నది లేవలేదు. ఓబులేసు దాని పక్కన కూర్చుని, తల ఒడిలో పెట్టుకుని, తొక్క ఒలిచిన ముక్కకు ఉప్పురాసి దవడలో పెట్టాడు. ఉమ్మేసింది. ఇంకోటి పెట్టాడు. ఎన్ని పెట్టాడో అతనికే తెలియదు. ఎప్పుడో ఒక ముక్క దగ్గర ఎద్దు నమిలింది. తర్వాత అతని అరచెయ్యి నాకింది. నాలుక ఇసకలా గరుకుగా ఉంది.

"ఈ పూటకు బతికింది" అంది సుంకమ్మ. "జెముడు కూడా అయిపోవచ్చె. మహా అంటే ఇంక ఎనిమిది దినాలు."

ఓబులేసు ఇంకో ముక్కకు ఉప్పు రాశాడు.

కాసేపటికి తాత వచ్చాడు. ఓబులేసు గుడిసెలో వదిలేసి వచ్చిన అర్జీ కాగితం, కలం ఆయన చేతిలో ఉన్నాయి. ఎద్దు తల ఒడిలో ఉంది కాబట్టి ఓబులేసు లేవలేదు.

"తాతా, నన్ను మళ్ళీ ఎప్పుడు తీసుకుంటావు?"

"నిన్ను ఇచ్చేదానికి నువ్వు నా సొత్తు ఎప్పుడైతివి నాయనా?"

"నవాబుకు మాత్రం ఎప్పుడైతిమి!" అన్నాడు ఓబులేసు. ఎద్దు మెల్లగా నెమరు వేస్తోంది. అతను ఒక చేత్తో దాని మెడ నిమురుతూ రెండో చెయ్యి చాచాడు.

"కలం ఇట్లా ఇయ్యి."

కాలిన వేళ్ళతో, ఖాళీ వదిలిన చోట ఆ పేరు రాశాడు.

తొమ్మిదోనాడు గుత్తి స్టేషన్లో గడ్డి దిగింది. అబద్ధమనిపిస్తే తపాలా మనిషిని అడగండి. ఆ సాయంత్రం సుంకమ్మ పశువుల కొట్టం దగ్గరే కాగితం అందుకుని గుత్తిదాకా పరుగెత్తినవాడు. పేరు ఇమాంకాడి దస్తగిరి.