వరాలు వాన చదువు

అనగనగా అంటే ఏ నాడో అనుకోకండి పిల్లలూ. రోహిణి కార్తెలో ఆఖరి ఆదివారం, పగలు పదకొండు గంటల వేళ మొదలైంది ఇది. కొండ కింది అడవిలో ఒక ఉడుతల ఇల్లుంది. ఆ ఇంటి కోడలు వరాలు, అత్త నూకాలమ్మ. చెట్టు పక్కన బండ మీద మామిడి ఒరుగులు ఎండుతున్నాయి. వానాకాలమంతా ఇంటిల్లిపాదికీ అవే తిండి. తడిస్తే బూజు పట్టి పోతాయి.

వరాలుకి ఈ మధ్యే ఒక సరదా పట్టుకుంది. చీమలు గుడ్లు మోసుకుని మెట్టకు పోతే వాన వస్తుందని ఎవరో అనగా విన్నది. ఒకసారి చూసింది. నిజంగానే వాన పడింది! అంతే, పని కాగానే చీమల కన్నం దగ్గర చతికిలబడేది. తూనీగలు కిందికి దిగి ఎగిరినా వానేనట, అవి ఎంత ఎత్తున ఎగురుతున్నాయో తోకతో కొలిచేది.

"చీమల్ని చూస్తే కడుపు నిండుతుందా కోడలా?" అని అత్త మూతి తిప్పేది.

"నిండదు అత్తా. కానీ ఎంత బాగుంటుందో!" అనేది వరాలు.

కొమ్మ మీది కొండముచ్చు గవరయ్య ఈ మాట విన్నాడు. ఊరికే ఉండలేని ప్రాణం కదా! దొన్నెతో వాగు నీళ్ళు తెచ్చి, గుట్టుగా చీమల కన్నంలో పోశాడు. పాపం, చీమలు గుడ్లెత్తుకుని లబోదిబోమంటూ బయటికొచ్చాయి.

"అత్తా, వాన! వాన!" అని వరాలు కేక పెట్టింది. ఇల్లంతా ఉరుకులు పరుగులు. ఒరుగులన్నీ తొర్రలోకి చేర్చారు. తీరా చూస్తే మాడు పగిలే ఎండ!

"వానశాస్త్రులమ్మా! గొడుగు తెమ్మంటావా?" అని గవరయ్య కొమ్మ ఊపాడు.

సోమవారమూ అదే తంతు. దొన్నెడు నీళ్ళు, చీమలు, కేక, పరుగు, ఎండ. అత్తకు నడుం పట్టేసింది.

"ఇంకోసారి వాన అన్నావో, నిన్నే ఒరుగులా బండ మీద ఆరేస్తాను!" అంది.

వరాలు చిన్నబుచ్చుకుంది. అయినా ఉండబట్టలేదు. వెళ్ళి కన్నం దగ్గర మట్టి తాకింది. తడి! పక్కనే కొండముచ్చు అడుగుజాడ, పారేసిన దొన్నె. "ఓహో, ఈ వాన కొండముచ్చు దొన్నెలోంచి కురిసిందన్నమాట!" అని పకపకా నవ్వుకుంది. "తూనీగల్ని కూడా చూడకపోవడం నా తొందరే."

మంగళవారం అదే వేళకు చీమలు మళ్ళీ కదిలాయి. వరాలు ముందు మట్టి తాకింది. పొడి. తూనీగలు గడ్డిని రాసుకుంటూ ఎగురుతున్నాయి. గాలి చెమ్మగా తగిలింది.

"అత్తా, తిడితే తిట్టు. ఒరుగులు మాత్రం తీసేద్దాం."

అత్త నోరు తెరిచేలోగా పైనుంచి గవరయ్య పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఓసి వెర్రిదానా! ఇవాళ నేను నీళ్ళే పొయ్యలేదే!"

"అంటే ఆ రెండ్రోజులూ పోసింది నువ్వా?" అంది అత్త.

"నేనే పిన్నీ!"

"ఇవాళ పొయ్యలేదూ?"

"రామయ్య మీద ఒట్టు! చుక్క పొయ్యలేదు."

"మరి చీమలెందుకు కదిలాయిరా?"

గవరయ్య ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. వాడి ఒరుగులూ పక్క బండ మీదే ఉన్నాయి మరి. అత్త మాత్రం నడుం నొప్పి మరిచి పరుగెత్తింది. ఆఖరి ఒరుగు తొర్రలో పడిందో లేదో, ఫెళ్ళున ఉరిమింది. జడివాన! గవరయ్య ఒరుగులన్నీ వాగుపాలయ్యాయి.

మర్నాడు పొద్దున్నే అత్త సూర్యభగవానుడికి దణ్ణం పెట్టుకుని, నాలుగు దోసిళ్ళ ఒరుగులు గవరయ్యకు పెట్టింది. తరవాత కోడలి కంటే ముందే వెళ్ళి చీమల దగ్గర చతికిలబడింది. గవరయ్య నసుగుతూ వచ్చి పక్కన కూర్చున్నాడు.

"జరగరా అబ్బాయ్, నీ తోక చీమలకు అడ్డం!" అంది అత్త.

నీతి: తప్పినా నవ్వుకుని మళ్ళీ చూసేవారికి చదువు అబ్బుతుంది, నేర్చుకునేవారిని చూసి నవ్వేవారికి తడి మిగులుతుంది.