మంచు రాజ్యంలో మూడు మాటలు

అనగనగా, మన చలికాలం వాళ్ళకి ఎండాకాలమయ్యేంత ఉత్తరాన, ఒక మంచు రాజ్యం. అక్కడ ఏడాదిలో సగం కాలం నది కూడా గడ్డకట్టి పడుకుంటుంది. ఇంట్లో పొయ్యి ఆరిందంటే మనిషి ఆరిపోయినట్టే. అందుకని ఆ రాజ్యంలో అడవి అందరిదీ. ఎవరి పొయ్యికి కావలసిన కట్టెలు వాళ్ళే కొట్టుకునేవాళ్ళు.

అక్కడ ఇంకో మంచి ఆచారం కూడా ఉండేది. ఎంతటి నేరస్తుడికైనా సరే, శిక్ష వేసే ముందు రాజుగారు మూడు మాటలు చెప్పుకోనివ్వాలి. మూడంటే మూడే. కోడిని ఎత్తుకుపోయిన దొంగకైనా, రాజు మీద కత్తి దూసినవాడికైనా ఆ హక్కు ఉండేది. ఆ మూడూ అయ్యేదాకా రాజు కూడా నోరు మెదపకూడదు.

ఆ రాజధానిలో గోర్దేయ్ అని ఒక టోపీల వర్తకుడు ఉండేవాడు. అతని భార్య పేరు అగాఫ్యా. గోర్దేయ్‌కి దుకాణంలో సరుకు తక్కువ, నోట్లో సరుకు ఎక్కువ. నెత్తిన టోపీ పెట్టుకుని వచ్చినవాడికి కూడా ఇంకో టోపీ అమ్మి పంపేవాడు. అగాఫ్యా పుట్టింట్లో ఉన్నప్పుడు తక్కువ మాట్లాడే పిల్ల. పెళ్ళయ్యాక పాపం ఆ సుఖం పోయింది. ఈ మనిషికి చెప్పిందే చెప్పాలి, మళ్ళీ చెప్పాలి, అయినా ఎక్కదు.

ఒక ఏడు రాజ్యం ఖజానా ఖాళీ అయింది. ముసలి రాజు జీతాలివ్వలేక, "అడవి మీదేగా, ఎవరి వంతు వాళ్ళే ఉంచుకోండి" అని ఇంటికో కొయ్యబిళ్ళ పంచిపెట్టాడు. బిళ్ళ ఎవరి దగ్గరుంటే అడవిలో వంతు వాళ్ళది. జనం దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. ఉడకబెడితే మెత్తబడదు. పొయ్యిలో వేస్తే పాలు పొంగేదాకా అయినా మండదు. దీన్నేం చేసుకోవాలో ఎవరికీ తెలియలేదు.

గోర్దేయ్‌కి తెలిసింది. టోపీలన్నీ తెగనమ్మి పిండి కొన్నాడు. మంచు మీద జారే బండికి గుర్రాన్ని కట్టి ఊరూరా తిరిగాడు. "ఈ చెక్కముక్క పిల్లల కడుపు నింపుతుందా తల్లీ? ఇదిగో, పిండి తీసుకో" అనేవాడు. ఆకలి మీదున్న తల్లులు దండం పెట్టి మరీ బిళ్ళలు ఇచ్చారు.

ఇల్లంతా బిళ్ళలు పోగయ్యాయి. కూర్చోవడానికి చోటు లేక అగాఫ్యా గుమ్మంలో నిలబడింది.

"ఏమండీ, వాళ్ళేం అమ్ముతున్నారో వాళ్ళకి తెలీదు. మీకు తెలుసు. రేపు కట్టెలకోసం వాళ్ళే వచ్చి నిలబడితే ఏ మొహం పెట్టుకుని మాట్లాడతారు?"

"మొహం ఎందుకే, నోరుందిగా" అన్నాడు గోర్దేయ్.

నిజంగానే ఊళ్ళవాళ్ళు వచ్చారు. అడవిలో గొడ్డలి వేయబోతే గోర్దేయ్ మనుషులు తరిమారని రాజు దగ్గర మొరపెట్టుకున్నారు. రాజుకి కోపం వచ్చింది. గోర్దేయ్‌ని పిలిపించి, ఆచారం ప్రకారం మూడు మాటలు చెప్పుకోమన్నాడు.

గోర్దేయ్ చేతులు జోడించాడు. "మహారాజా, ఆకలేసినవాళ్ళకి పిండి ఇచ్చాను. వాళ్ళు ఇష్టపడి బిళ్ళలు ఇచ్చారు. ఇది తప్పయితే రేపటినుంచి పిండి బండి తోలడం మానేస్తాను."

ముసలి రాజు గతుక్కుమన్నాడు. పిండి ఆగితే జనం కోట మీదికి వస్తారు. మింగలేక కక్కలేక గోర్దేయ్‌ని వదిలేశాడు. అలా మూడు మాటలతో అడవి మొత్తం ఒక్కడి సొంతమైపోయింది. ఆ చలికాలం ఎవరి పొయ్యి వెలగాలన్నా గోర్దేయ్ గుమ్మం తొక్కాల్సిందే. సొంత అడవిలో దుంగ కొట్టుకున్నవాళ్ళని దొంగలని పట్టుకుని, ఉత్తరపు కొసన ఉన్న మంచుపేటకి పంపేశారు. గోర్దేయ్ మాత్రం మూడంతస్తుల మేడ కట్టాడు. ఒంటిమీది బొచ్చుకోటు నేలమీద ఊడ్చుకుంటూ పోయేది.

అక్కడితో ఆగితే ఈ కథ ఎందుకు?

ముసలి రాజు జబ్బుపడ్డాడు. పిల్లల్లేరు. తర్వాత రాజెవరని మంత్రులు తర్జనభర్జన పడుతుంటే, గోర్దేయ్ వాళ్ళందరికీ విందులిచ్చి, కోట తలుపులు తీసే తీహన్‌ని చూపించాడు. తీహన్ పుట్టి బుద్ధెరిగాక నాలుగు మాటలు కలిపి మాట్లాడగా విన్నవాళ్ళు లేరు. తలుపు తీసేవాడు, వేసేవాడు, "ఊ" అనేవాడు.

"నోట్లో వేలు పెడితే కొరకలేడు. అలాంటివాడు సింహాసనం మీదుంటే మనకి ఢోకా లేదు" అన్నాడు గోర్దేయ్ భార్యతో.

తీహన్ ఒకసారి వాళ్ళింటికి వచ్చాడు. అగాఫ్యా టీ ఇచ్చింది. అతను దించిన తల ఎత్తకుండా తాగాడు. కానీ వెళ్ళేటప్పుడు ఆ ఇంట్లో ఏ తలుపుకి ఏ తాళమో ఒక్కొక్కటీ చూసుకుంటూ వెళ్ళాడు. అగాఫ్యా అది గమనించింది.

"ఆ మనిషి మాట్లాడకపోవడం మంచితనం కాదండీ, అన్నీ దాచుకుంటున్నాడు. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడి మల్లయ్య. ఇంతమందిలో వేలు పెట్టడానికి మీకు ఆ నోరే దొరికిందా?"

ఎవరికి చెబుతోంది? చెవిటివాడి ముందు శంఖం. ముసలి రాజు పోయాక తీహన్ రాజయ్యాడు. గోర్దేయ్ ఏది అడిగినా "ఊ" అన్నాడు. గనులకి "ఊ", రేవులకి "ఊ". గోర్దేయ్ కోటలోకి చెప్పులు విప్పకుండా వెళ్ళే రోజులొచ్చాయి.

అన్నీ ఉన్నవాడికి ఏమి లేదో అదే కావాలి. గోర్దేయ్‌కి ఉప్పు లేదు. నది పాయలో ఉప్పునీటి ఊటలున్నాయి. అవి అగాఫ్యా తమ్ముడు ప్రోహర్‌వి. అతను ఆ నీళ్ళు మరిగించి ఉప్పు తీసి, పేదకీ పెద్దకీ ఒకటే ధరకి అమ్మేవాడు. బావగారు కట్టెల ధర మూడింతలు చేసినా తను ఉప్పు ధర పెంచలేదు. అదే గోర్దేయ్‌కి కంట్లో నలుసైంది. ఊటలు ఇచ్చెయ్యమని అడిగాడు. ప్రోహర్ ఆలోచించి చెబుతానన్నాడు. ఆలోచించేదాకా ఆగే ఓపిక గోర్దేయ్‌కి ఎక్కడిది?

రాజుగారి నదిని దొంగిలిస్తున్నాడని ప్రోహర్ మీద నేరం మోపాడు. అంతలో ఒక అనుమానం వచ్చింది. రేపు సభలో ప్రోహర్ మూడు మాటలు చెప్పుకుంటాడు. అతను ఉప్పు పెట్టిన జనమంతా అక్కడే ఉంటారు. ఎందుకొచ్చిన గొడవ, అసలు ఆ ఆచారమే ఎత్తేయిస్తే పోతుందనుకున్నాడు.

అగాఫ్యా విని నెత్తిన చేతులు పెట్టుకుంది. "మీకో దండం. వాడు నా తమ్ముడు, నా చేతుల్లో పెరిగాడు, ఆ మాట మీకు ఎలాగూ పట్టదు. మీ సంగతైనా చూసుకోండి. అడవి మీది కాదు, మాటతో తెచ్చుకున్నారు. రాజు మీవాడు కాదు, మాటతో నిలబెట్టుకున్నారు. మీకున్న ఆస్తల్లా ఆ నాలుకే. చేతులారా దానికే తాళం వేయించుకుంటారా?"

"తాళం వాడి నోటికే. నాకెందుకు పడుతుంది?" అని నవ్వి, గోర్దేయ్ కోటకి వెళ్ళాడు.

"మహారాజా, దొంగలు మాటలు నేర్చి తప్పించుకుంటున్నారు. మూడు మాటల ఆచారం ఎత్తేయండి" అన్నాడు.

తీహన్ అతని వైపు తిరిగాడు. "నువ్వే అడుగుతున్నావా?" అన్నాడు.

"నేనే మహారాజా."

"ఊ" అన్నాడు తీహన్.

మర్నాడు సభలో ప్రోహర్ నోరు తెరవబోతే భటులు నెట్టుకుపోయారు. అతన్నీ మంచుపేటకే పంపారు. ఉప్పు కూడా గోర్దేయ్‌దైంది. ఆ రోజునుంచి అగాఫ్యా కూరల్లో ఉప్పు వేయడం మానేసింది. గోర్దేయ్ ఎన్నిసార్లు అడిగినా, "మీ దగ్గర బోలెడు ఉందిగా, వేసుకోండి" అనేది.

నోటిమీద అదుపు లేనివాడికి శత్రువులు వేరే అక్కర్లేదు. ఒక పండగ విందులో గోర్దేయ్ గ్లాసెత్తి, "ఆ తలుపులు తీసేవాణ్ణి తీసుకెళ్ళి సింహాసనం మీద కూర్చోబెట్టింది ఈ చేతులే" అన్నాడు. అగాఫ్యా బల్ల కింద కాలు తొక్కింది. ఏం లాభం, పెదవి దాటితే పృథివి దాటుతుంది. తెల్లారేసరికి మేడ చుట్టూ భటులున్నారు. ఏ తలుపుకి ఏ తాళమో అడగకుండానే అన్నీ తీసుకుంటూ లోపలికి వచ్చారు.

సభలో గోర్దేయ్ భయపడలేదు. గొంతు సవరించుకుని, "మహారాజా, నా మొదటి మాట" అంటూ మొదలుపెట్టాడు.

తీహన్ చెయ్యెత్తాడు. "ఆ ఆచారం లేదు కదా. నువ్వే వద్దన్నావు."

రాజు అంత పొడుగ్గా మాట్లాడగా వినడం జనానికి అదే మొదటిసారి.

అడవి పోయింది, రేవులు పోయాయి, ఉప్పు పోయింది, చివరికి బొచ్చుకోటు కూడా పోయింది. అడవి తిరిగి జనానికి వచ్చిందా అంటే అదీ లేదు, రాజు తనే ఉంచుకున్నాడు. గోర్దేయ్‌ని బండెక్కించి మంచుపేటకి పంపారు. అగాఫ్యాని ఎవరూ పొమ్మనలేదు. "చెప్పినప్పుడు వినరు, వదిలేద్దామంటే మనసు రాదు, నా ఖర్మ" అని తిట్టుకుంటూనే పక్కన ఎక్కి కూర్చుంది. దారి పొడవునా గోర్దేయ్ మాట్లాడలేదు. ఆమెకి అదీ విసుగే అయింది.

మంచుపేటలో ఉన్నవి కొన్ని గుడిసెలు. వాటిలో ఉన్నవాళ్ళంతా గోర్దేయ్ చలవ వల్ల అక్కడికి చేరినవాళ్ళే. సొంత అడవిలో దుంగ కొట్టుకున్నందుకు దొంగలైనవాళ్ళు. బండి దిగినవాణ్ణి గుర్తుపట్టి చుట్టూ మూగారు.

"వీణ్ణి ఇక్కడే మంచులో వదిలేద్దాం. రాత్రికి తెలుస్తుంది చలంటే ఏమిటో" అన్నాడొకడు. ఎవరూ వద్దనలేదు. అగాఫ్యా మొగుడికి అడ్డంగా నిలబడింది. ఎంత మొండివాడైనా మొగుడు.

అప్పుడు ఒక గుడిసె తలుపు తెరుచుకుంది. ప్రోహర్ బయటికి వచ్చాడు. అక్కని చూశాడు, బావని చూశాడు.

"ఆగండి. రాజధానిలో పోయిందేమో గానీ, మన పేటలో ఆచారం ఉంది. మూడు మాటలు చెప్పుకో బావా" అన్నాడు.

గోర్దేయ్ గొంతు సవరించుకున్నాడు. అలవాటు ఎక్కడికి పోతుంది? "నేను ఆకలేసినవాళ్ళకి పిండి ఇచ్చాను" అన్నాడు. జనం ఒకడుగు ముందుకు వేశారు. అతను కంగారుపడి, "ఇదంతా ఆ తీహన్ చేసిన పని" అన్నాడు. ఇంకో అడుగు వేశారు.

అగాఫ్యా ఇక తట్టుకోలేకపోయింది. "ఒక్కటే మిగిలింది. జన్మకో మంచి మాట, అదైనా చూసి ఖర్చు పెట్టండి" అంది.

గోర్దేయ్ చుట్టూ ఉన్న మొహాలు చూశాడు. తల వంచుకుని అన్నాడు:

"ప్రోహర్, ఆ రోజు నిన్ను చెప్పనివ్వని మూడు మాటలు ఏమిటో ఇప్పుడు చెప్పు."

జనం ఆగిపోయారు.

"పెద్దగా ఏం లేదు బావా. 'ఊటలు మా బావకే ఇచ్చెయ్యండి. ఉప్పు ధర మాత్రం పెంచనని మాట తీసుకోండి. ఈ గొడవలో మా అక్క కంట నీరు పెట్టకుండా చూడండి.' ఇంతే."

అగాఫ్యా మొగుడి వైపు తిరిగింది. "ఇంతోటిదానికా?" అంది. గోర్దేయ్ మంచులోనే కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

ఆ రాత్రి ప్రోహర్ పొయ్యి దగ్గర అతనికి చోటు దొరికింది. అగాఫ్యా సూప్ కాచి, చాన్నాళ్ళ తర్వాత అందులో ఉప్పు వేసింది. గోర్దేయ్ ఒక్క మాట కూడా మాట్లాడకుండా తాగాడు.

పిల్లలూ, ఎదుటివాడి నోటికని చేయించిన తాళం ఏదో ఒకనాడు మన నోటికే పడుతుంది. అందుకే మన మాట గెలవాలంటే ముందు అవతలివాడి మాట వినాలి.