సన్నతీగ చెప్పిన మాట

శ్రీకాకుళం దగ్గర ఒక చిన్న ఊళ్లో కారం మిల్లు నడిపే సింహాలు అనే ఆమె, ఒళ్లు ఎంత అలసినా సరే, ఆగడమంటే చిన్నతనంగా అనుకుంటూ ఉండేది.

మిల్లంటే పెద్దదేం కాదు. ఒక రేకుల గది, ఒక తొట్టి, ఒక బెల్టు, ఒక మోటారు. ఆ మోటారు ఆమె భర్త కొన్నది. కొన్నరోజే దాని ఒంటి మీద ఎర్ర రంగుతో, కొంచెం వంకర అక్షరాలతో ‘సింహాలు’ అని రాశాడు.

“మోటారు మీద నా పేరేటి మావా?” అని ఆమె సిగ్గుపడింది.

“రోజంతా దీని ముందే కదా ఉంటాను. నిన్ను చూస్తున్నట్టే ఉంటాది” అన్నాడు.

అతను పోయి నాలుగేళ్లయింది. పొద్దున్నే స్విచ్చి వేయగానే మోటారు సన్నగా మొదలై మెల్లగా గొంతు పెంచేది. అది అతను తీసే కూనిరాగంలాగే వినిపించేది ఆమెకు. ఆ శబ్దం ఆగితే గదంతా బోసిపోయేది.

ఆవకాయల రోజులు వచ్చాయి. జనం సంచులూ డబ్బాలూ వరసలో పెట్టి నీడకు పోయేవారు. మనుషులకు బదులు డబ్బాలే నిలబడి ఎదురుచూసేవి. ఆ వరస రోడ్డు దాకా సాగేది. సింహాలుకు కళ్లు మండేవి, చేతులు మండేవి, సాయంత్రానికి కాళ్లు వాచిపోయేవి. కిటికీలోంచి పడే ఎండలో కారం ధూళి ఎర్రగా మెరుస్తూ తేలేది. అది చూసి మురిసిపోయే ఓపిక కూడా ఆమెకు ఉండేది కాదు.

త్వరగా తెమల్చాలని తొట్టి నిండా మిరపకాయలు కుక్కేది. అప్పుడు మోటారు మూలిగేది. బరువు మోయలేక నెమ్మదించి, మామూలు కంటే ఎక్కువ కరెంటు లాగేది. గోడ మీద తెల్లటి పింగాణీ ఫ్యూజులో కుట్టుదారమంత సన్నటి తీగ ఉండేది. మోటారుకు పోయే కరెంటంతా ఆ తీగ దాటుకునే పోవాలి. కరెంటు మితిమీరితే తీగ వేడెక్కి, కరిగి, తెగిపోయేది. దారి తెగగానే మోటారు ఆగేది.

మోటార్లు బాగుచేసే దాలినాయుడు ఆమెకు వరసకి తమ్ముడు. “తొట్టి సగమే నింపప్పా. ఫ్యూజు ఊరికే పోదు. బరువెక్కువైందని చెప్తాది” అని చాలాసార్లు అన్నాడు. ఆమె తల ఊపేది. మళ్లీ నిండానే పోసేది.

ఒకరోజు మధ్యాహ్నం లోపే ఫ్యూజు మూడుసార్లు పోయింది. వరసలో ముందున్న డబ్బా తవిటమ్మది. ఆమె నోటికి ఊరంతా భయపడేది.

“ఓలమ్మా సింహాలూ! మీ ఫ్యూజుకి మళ్లీ నిద్రొచ్చీసిందేటి? జోలపాట పాడమంటావా?” అంది తవిటమ్మ. నీడలో కూర్చున్నవాళ్లంతా ఘొల్లున నవ్వారు.

సింహాలు మొహం మిరపకాయలా ఎర్రబడింది. మెయిన్ స్విచ్చి కట్టేసి, దూలానికి వేలాడుతున్న పాత వైరొకటి లాగింది. అందులోంచి చీపురుపుల్లంత రాగితీగ తీసి ఫ్యూజులో బిగించింది.

“ఇంక తెగు చూద్దాం!” అంది దానితో.

తీగ తెగలేదు. మోటారు మూలుగుతూనే తిరిగింది. డబ్బాలు చకచకా కదిలాయి. ఇంత తేలికని తెలిస్తే ఎప్పుడో చేసేదాన్నే అనుకుంది సింహాలు. మధ్యలో ఒకసారి ఆమెకు కళ్లు తిరిగాయి. మొహాన నీళ్లు కొట్టుకుని మళ్లీ నిలబడింది.

పొద్దు వాలుతుండగా మిరపకాయలతో పాటు ఒక ఇనుప నట్టు తొట్టిలో పడింది. ఆమె చూడలేదు. సరిగ్గా అప్పుడే మళ్లీ కళ్లు తిరిగి గోడకు ఆనుకుంది. ఒక్క నిమిషం, ఒకే ఒక్క నిమిషం అనుకుని రెప్పలు వాల్చింది. లోపల నట్టు అడ్డుపడి మోటారు బిగుసుకుపోయింది. తిరగడం లేదు, ఊఁ అని మూలుగుతోంది. ఆ మూలుగు ఆమెకు మగతలో కూనిరాగంలా వినిపించింది. తెగాల్సిన తీగ తెగలేదు. కరెంటంతా మోటారు లోపలి తీగచుట్టల్లోకి పోటెత్తింది.

కమురు వాసనకు ఉలిక్కిపడి లేచేసరికి గదంతా పొగ. పరిగెత్తి మెయిన్ స్విచ్చి కట్టేసింది. మోటారు మీది ఎర్ర రంగు పొక్కులు పొక్కులుగా లేచి రాలిపోతోంది.

దాలినాయుడు వచ్చి మోటారు విప్పాడు. లోపలి తీగలన్నీ బొగ్గయ్యాయి. ఫ్యూజు ఊడదీసి రాగితీగను వేళ్ల మధ్య తిప్పి చూశాడు.

“ఇది తీగేటప్పా? మోకు!” అన్నాడు. కోప్పడదామనుకున్నవాడు ఆమె మొహం చూసి గొంతు తగ్గించాడు. “ఆ సన్నతీగ నీకు శత్రువనుకున్నావు. అది ప్రతిసారీ మోటారుకు బదులు తాను కాలిపోయేది. ఇవాళ దాన్ని తీసేశావు. ఇంక కాలడానికి మోటారే మిగిలింది.”

“బాగవుతాదా తమ్ముడూ?”

“చుట్టలు మార్చితే తిరుగుతాది. పది రోజులు పడతాది.”

“మరి ఆ పేరు?”

దాలినాయుడు పొక్కిన రంగు తడిమాడు. ఒక్క ‘లు’ మిగిలింది. “నేను రాయగలనప్పా. ఆ చేతిరాత మాత్రం తేలేను.”

డబ్బాలన్నీ పక్క ఊరి మిల్లుకు పోయాయి. సింహాలు చాపేసుకుని పడుకుంది. ఒంట్లో జ్వరం ఉందని అప్పుడు తెలిసింది ఆమెకు. ఎన్నాళ్ల నుంచి ఉందో మరి! రెండు రోజులు లేవలేదు.

పదకొండో రోజున మోటారు వచ్చింది. ఫ్యూజులో మళ్లీ కుట్టుదారమంత తీగే. సింహాలు తొట్టి సగమే నింపేది. ఎప్పుడైనా తీగ తెగితే గడప మీద కూర్చుని చెంబెడు నీళ్లు తాగేది. ఊపిరి కుదుటపడ్డాకే కొత్త తీగ కట్టేది.

“నిద్రొచ్చిందా మళ్లీ?” అంది తవిటమ్మ ఒకరోజు.

“దానికి కాదు, నాకొచ్చింది. కూసేపు కూర్చో తవిటమ్మా, నువ్వూ అలిసున్నావు” అంది సింహాలు.

తవిటమ్మ ఆమె పక్కనే గడప మీద కూలబడింది.

ఫ్యూజు తెగడం యంత్రం చెప్పే మాట, అలసట ఒళ్లు చెప్పే మాట. ఆ మాట విని ఆగినవాళ్లకు మళ్లీ మొదలుపెట్టే వీలుంటుంది. దాని నోరు నొక్కితే, పోగొట్టుకున్నదంతా తిరిగి రాదు.