తలుపైన సుకిరి

కొండలకి ఇంకా బాటలు పడని రోజుల్లో, ఊరి కబురు ఊరికి గాలే మోసుకెళ్లే రోజుల్లో, సుకిరి అనే పిల్ల ఉండేది. చీపురుగడ్డి కోసి బతికేది. ఆమెకి ఒక్కడే తమ్ముడు, గాసి. తండ్రి లేడు. ముఠాదారు మోత మోస్తూ, ఈదురుగాలికి కొండ అంచు మీంచి లోయలో పడిపోయాడు. ఆ కోపం సుకిరికి చల్లారలేదు.

ముఠాదారంటే ఆ కొండలన్నిటికీ దొర. ఆయన కొత్త ఇల్లు కట్టుకున్నాడు. దానికి అవతలి లోయలో టేకు తలుపు చేయించాడు. అది మోసుకొచ్చే వెట్టి గాసి మీద పడింది. తమ్ముణ్ణి ఒంటరిగా పంపలేక సుకిరీ వెంట వెళ్లింది.

ఆ రోజు పెద్దగాలి. గాలి తగ్గాక బయల్దేరతామని సుకిరి బతిమాలింది. దొర మనుషులు వినలేదు. గృహప్రవేశం ముహూర్తం దాటిపోతుందన్నారు. దారిలో పారేస్తాడేమోనని తలుపుని గాసి వీపుకి తాళ్లతో బిగించి కట్టారు.

కొండ అంచున దారి ఒక్క మనిషి పట్టేంత. ఇటూ లోయే, అటూ లోయే. గాసి ముందు, తలుపు పట్టుకుని సుకిరి వెనక.

ఒక గాలి వచ్చింది. గాసి తలపాగా ఎగరేసుకుపోయింది. సుకిరికి కోపం వచ్చింది. పళ్లు బిగబట్టి నడిచింది.

ఇంకో గాలి వచ్చింది. గాసిని మోకాళ్ల మీద కూలేసింది. సుకిరికి కోపం వచ్చింది. పళ్లు బిగబట్టి నడిచింది.

మూడో గాలి వచ్చింది. తలుపుతో పాటు గాసి కాళ్లు నేల విడిచాయి. సుకిరికి కోపం వచ్చింది. ఈసారి పళ్లు బిగబట్టలేదు. నడుముకున్న కొడవలి తీసింది.

"వద్దప్పా, దొర చంపేస్తాడు" అన్నాడు గాసి అక్కతో.

"చంపితే నన్ను చంపుతాడు" అని తాళ్లు కోసేసింది. గాసి దారి మీద పడ్డాడు. తలుపు ఎండుటాకులా తిరుగుతూ లోయలోకి పోయింది.

ఇద్దరూ నేరుగా దొర ఇంటికే వెళ్లారు. కోసింది నేనేనని సుకిరి చెప్పింది. దొర మండిపడ్డాడు. కొత్త తలుపు వచ్చేదాకా నువ్వే తలుపువి, గుమ్మంలో నిలబడమన్నాడు.

సుకిరి నిలబడింది. రెండు చేతులూ చాపి ద్వారబంధం పట్టుకుంది. ఆ ఇంటికి దొడ్డిదారి ఇంకా తియ్యలేదు. కాసేపటికి దొర బయటికి రాబోయాడు. తప్పుకోమన్నాడు.

"తలుపు దానంతటది తప్పుకోదు దొరా. మూసుంది."

లాగెయ్యమని దొర తన మనుషుల్ని కేకేశాడు. అప్పటికే గాసి అక్క పక్కన నిలబడ్డాడు. గడ్డికోత ఆడవాళ్లు వచ్చి నిలబడ్డారు. ఆ కొండ అంచున మొగుణ్ణి పోగొట్టుకున్నవాళ్లు, కొడుకుని పోగొట్టుకున్నవాళ్లు వచ్చి నిలబడ్డారు. దొర మనుషులకీ అక్కడ పోయినవాళ్లున్నారు. కర్రలు కింద పెట్టేశారు.

పొద్దు వాలింది. లోపల దొరకి ఆకలేసింది. ఏం కావాలని అడిగాడు.

"గాలి రోజున ఎవరి మీదా మోత పెట్టను అను. మా అయ్య పేరు మీద ఒట్టేసి అను."

దొర నోరు తెరిచాడు. పేరు రాలేదు. సుకిరి తండ్రి ఎవరి మోత మోస్తూ లోయలో పడి చచ్చాడో, ఆ మనిషికే అతని పేరు తెలీదు. సుకిరికి కోపం వచ్చింది.

"బిసాయి" అంది. "పలుకు."

"బిసాయి మీద ఒట్టు" అన్నాడు దొర, తల దించుకుని.

అప్పుడు సుకిరి చేతులు దించింది. కోపం మాత్రం దించలేదు. ముసలిదై పోయేదాకా అలాగే ఉంచుకుంది.

సుకిరి పోయింది, ఆ దొరలూ పోయారు. గాలి మాత్రం ఇప్పటికీ కొడుతూనే ఉంటుంది. ఈదురుగాలి రోజున ఏ పెద్దమనిషైనా ఆ కొండల్లో మోత ఎత్తమంటే, కూలీలు కాదనరు, అవుననరు. "సుకిరిని అడిగొస్తాం" అంటారు. అని ఇళ్లకి వెళ్లిపోతారు.