కేక వేయని ఉడుతపిల్ల

జర్మనీ దేశంలో గోధుమ చేలు దాటి, ఆపిల్ తోటలు దాటి వెళితే ఏర్లెన్ అడవి వస్తుంది. ఆ అడవి నడుమ ఆకుపచ్చని నీళ్లతో ఒక సరస్సు ఉంది. అక్కడ హంసలు, బాతులు, నీటికుక్కలు, కుందేళ్లు, చెవుల మీద కుచ్చులున్న ఎర్ర ఉడుతలు ఉండేవి. చలికాలమంతా వేటి గూట్లో అవి ముడుచుకుని పడుకునేవి. ఎండలు రాగానే అన్నీ సరస్సుకు చేరేవి. ఈదేవి ఈదేవి, ఒడ్డున గడ్డిలో దొర్లేవి దొర్లేవి. సూర్యుడు నడినెత్తికి వచ్చేసరికి అందరూ కునుకు తీసేవారు. అప్పుడు ఆకు రాలినా వినిపించేది.

ఆ అడవిలో నేరేడి అనే ఉడుత ఉండేది. అది అక్కడ పుట్టింది కాదు. నల్లమలలో పుట్టి, వేరుశనగ బస్తాతో పాటు ఓడెక్కి, సముద్రాలు దాటి వచ్చింది. దానికి పరికి అని ఒక్కగానొక్క కూతురు. వాళ్ల అడవిలో పిల్లలకు పండ్ల పేర్లు పెట్టడం ఆనవాయితీ.

నల్లమలలో పిల్లను పిలవాలంటే చెట్టు చివరికెక్కి, తోక ఎగరేసి, కొండలు మారుమోగేలా కేక పెట్టాలి. వచ్చిన కొత్తలో నేరేడి ఇక్కడా అలాగే పిలిచింది. అది అందరూ కునుకు తీసే వేళ. ఒడ్డు మీద తలలన్నీ లేచాయి. తెల్లని పెద్ద హంస ఒక కన్ను తెరిచి చూసి, మళ్లీ మూసుకుంది.

ఎవరూ ఏమీ అనలేదు. అని ఉంటే బాగుండేది. ఏమీ అనకపోయేసరికి నేరేడికి తల కొట్టేసినట్టయింది.

ఆ సాయంత్రమే కూతుర్ని కూర్చోబెట్టి చెప్పింది.

"ఇక్కడ గట్టిగా అరవకూడదు తల్లీ. మనల్ని చూసి నవ్వుతారు."

"ఆకలేస్తే?"

"నా దగ్గరికొచ్చి చెవిలో చెప్పు."

"కొమ్మల సందున తోక ఇరుక్కుంటే?"

"ఇరుక్కోకుండా చూసుకో."

పరికి బుద్ధిమంతురాలు. చెప్పింది చెప్పినట్టు విన్నది. గింజ కొరికినా చప్పుడు కాకుండా కొరికేది. నవ్వొస్తే మూతికి తోక అడ్డం పెట్టుకునేది. నేరేడి అయితే మరీ. కప్పపిల్లలను కూడా "గారు" అని పిలిచేది. దారిలో ఎవరైనా తన తోక తొక్కితే తనే క్షమించమని అడిగేది.

ఒకనాడు హంస పక్కనుంచి పోతూ, "మీ అమ్మాయి ఉన్నట్టే తెలియదండీ" అంది. నేరేడి ఆ మాటను దీపావళి నాటి మిఠాయిలా దాచుకుని, చలికాలమంతా కొంచెం కొంచెంగా చప్పరించింది.

ఆ సరస్సులోనే లీజల్ అనే బాతు ఉండేది. దానికి ఏడుగురు పిల్లలు. ఏడూ ఏడు నోళ్లు. ఒకటి మునిగితే ఆరు అరిచేవి, ఆరు మునిగితే ఒకటి అరిచేది. లీజల్ గొంతు వాటన్నిటినీ మించిపోయేది.

"ఉడుతమ్మా, నీ పిల్లను కూడా మా వాటితో వదలరాదూ?" అని అడిగింది ఒకసారి. "నాలుగు రోజుల్లో ఈత వచ్చేస్తుంది. అసలు నీ పిల్లకు నోట్లో నాలుక ఉందా, గింజతో పాటు మింగేసిందా?"

"వద్దులెండి బాతుగారూ. మీకెందుకు శ్రమ?" అంది నేరేడి వినయంగా.

మనసులో మాత్రం, 'ఈ గగ్గోలులో వదిలితే నా పిల్ల పెంపకం గంగపాలే' అనుకుంది. పైకి వినయం, లోపల గర్వం. రెండూ ఒకే చెట్టు తొర్రలో కాపురం ఉండగలవు.

ఒక మధ్యాహ్నం ఎండ మండిపోతోంది. సరస్సు ఒడ్డు కిటకిటలాడుతోంది. అందరూ ఈది ఈది అలసి కునుకు తీస్తున్నారు. లీజల్ కూడా పిల్లలను రెక్కల కింద వేసుకుని రెల్లు నీడన పడుకుంది. నేరేడి చెక్క రేవు మీద కూర్చుని పైన్ కాయ ఒలుస్తోంది. దానికి మూరెడు దూరంలో హంస మెడ ముడుచుకుని నిద్రపోతోంది.

లోతు తక్కువ చోటును వేరు చేస్తూ నీళ్ల మీద ఒక తాడు తేలుతూ ఉండేది. పరికి ఒక బెరడు ముక్క మీద కూర్చుని తాడుకు ఇవతలే ఆడుకుంటోంది. చిన్న గాలి వచ్చింది. బెరడు మెల్లగా తాడు కిందినుంచి జారి అవతలికి పోయింది. నేరేడి తలెత్తి చూసేసరికి బెరడు బోర్లాపడి ఉంది. పక్కన నీళ్లలో పరికి తల.

పరికి తల్లి వైపే చూస్తోంది. నోరు తెరిచింది. మళ్లీ మూసుకుంది. ముందుకాళ్లు రెండూ నీళ్లను కొట్టుకుంటున్నాయి. గొంతులోంచి మాత్రం చిన్న చప్పుడు కూడా రాలేదు.

నేరేడికి ఈత రాదు. దానికి ఉన్నది గొంతు ఒక్కటే. రేవు చివరిదాకా పరుగెత్తింది. నోరు తెరిచింది. అప్పుడు, ఆ క్షణాన, అది వెనక్కి తిరిగి హంస నిద్రపోతోందా అని చూసింది.

"హంసగారూ," అంది గుసగుసగా. "కాస్త లేస్తారా?"

హంస కదలలేదు.

"హంసగారూ, ఏమీ అనుకోకండి..."

ఒక గింజ ఒలిచేంత సేపు అలా గడిచింది. నేరేడి తిరిగి నీళ్ల వైపు చూసింది. పరికి తల కనిపించలేదు.

అప్పుడు నేరేడి కేక పెట్టింది. నల్లమల కేక. సరస్సు అవతలి గట్టు దాకా వెళ్లి తిరిగి వచ్చిన కేక. గడ్డిలో పడుకున్నవారంతా ఉలిక్కిపడి లేచారు. ఎవరూ ఏమిటని అడగలేదు. లీజల్ పిల్లలను విదిలించుకుని నీళ్ల మీదుగా దూసుకుపోయింది. నీటికుక్క బాణంలా మునిగింది. హంస రెక్కలు చాచి అటే ఎగిరింది. నీటికుక్క నీళ్ల అడుగునుంచి పరికి మెడ పట్టుకుని పైకి తెచ్చింది. హంస దాన్ని తన వీపు మీద వేసుకుని ఒడ్డుకు చేర్చింది.

పరికిని బోర్లా పడుకోబెట్టి, లీజల్ ముక్కుతో వీపు మీద తట్టింది. పరికి నీళ్లు కక్కింది. మళ్లీ కక్కింది. చాలాసేపటికి కళ్లు తెరిచింది. చుట్టూ అడవి అంతా చేరి ఉంది. పరికి వాళ్లెవరినీ చూడలేదు. తల్లిని చూసి, వణుకుతూ అంది:

"నేను అరవలేదమ్మా."

ఆ మాట అందరికీ వినిపించింది.

హంస మెల్లగా అడిగింది. "నేను పక్కనే ఉన్నాను కదమ్మా. నన్ను తట్టి లేపలేదేం?"

"మీ నిద్ర చెడుతుందని," అంది నేరేడి.

"నా నిద్రా?"

"కిందటేడు నేను అరిచినప్పుడు మీరు కన్ను తెరిచి చూశారు కదండీ. అందుకని..."

హంస ఆలోచించింది. ఎంత ఆలోచించినా దానికి ఏమీ తట్టలేదు. "చూశానా?" అంది చివరికి. "నాకు గుర్తు లేదమ్మా."

అక్కడే భూమి చీలితే నేరేడి అందులోకి దూరిపోయేది. హంస తిట్టి ఉంటే ఆ తప్పులో సగమైనా దాని మీద వేయగలిగేది. గుర్తే లేని ఒక చూపు కోసం తను కన్నబిడ్డ నోరు కుట్టేసింది. ప్రాణం పోతున్నా ఆ కుట్లు ఊడలేదు.

పరికి బతికింది. కానీ ఆ తరువాత నీళ్లంటే బెదిరిపోయింది. గూట్లోంచి బయటికి రమ్మంటే చెట్టును కావలించుకునేది. ఏదైనా చెప్పాలంటే ముందు, "మాట్లాడనా అమ్మా?" అని అడిగేది. అడిగిన ప్రతిసారీ నేరేడి గుండెలో ముల్లు దిగేది.

పది రోజులు చూసి, నేరేడి లీజల్ దగ్గరికి వెళ్లింది. చాలాసేపు రెల్లు చాటున నిలబడింది. చివరికి బయటికి వచ్చింది.

"వదినా," అంది. గారు అనలేదు. "నాకు ఈత నేర్పు. నేను దిగితే తప్ప నా పిల్ల దిగదు."

"నా గగ్గోలు నీకు పడదనుకున్నానే," అంది లీజల్.

"పడేది కాదు. నిన్ను చిన్నచూపు చూశాను."

"తెలుసులే. మా ఏడో వాడికి కూడా తెలుసు," అంది లీజల్. "ఆ తోక తడవకుండా ఈదుదామనుకుంటున్నావేమో. అది కుదరదు. దిగు."

మరునాటి నుంచి నేరేడి బాతుపిల్లల మధ్య ఈత నేర్చుకోవడం మొదలుపెట్టింది. చుక్క చుక్కకూ తుమ్మేది. బాతుపిల్లలు పడీ పడీ నవ్వేవి. ఒడ్డు మీద ఎర్ర ఉడుతలు కూడా నవ్వేవి. తను ఇన్నాళ్లూ భయపడింది ఈ నవ్వుకే. అది వచ్చింది, పోయింది. దానివల్ల ఒక్క వెంట్రుక కూడా ఊడలేదు.

పరికి రోజూ రేవు మీద దూరంగా కూర్చుని చూసేది.

ఒకనాడు, అందరూ కునుకు తీస్తున్న వేళ, నేరేడి కాలు నాచులో జారి బుడుంగున మునిగింది. అంతే, రేవు మీదినుంచి ఒక కేక లేచింది.

"అత్తా! లీజలత్తా! మా అమ్మ మునిగిపోతోంది!"

ఒడ్డంతా లేచింది. నీటికుక్క దూకింది. లీజల్ వచ్చింది. తీరా చూస్తే నేరేడి నీళ్లలో లేచి నిలబడి ఉంది. నీళ్లు దాని మోకాళ్ల దాకా ఉన్నాయి.

"మోకాళ్లలోతులో మునిగే ఉడుతను ఈ జన్మలో చూస్తాననుకోలేదు," అంది లీజల్.

అలవాటు కొద్దీ నేరేడి అందరినీ క్షమించమని అడగబోయింది. ఇంతలో కూతురి మొహం కనిపించింది. పరికి రెండు చేతులతో నోరు మూసుకుని, తప్పు చేశానా అన్నట్టు తల్లి కళ్లలోకి చూస్తోంది. ఆ చూపు ఎవరు నేర్పారో నేరేడికి తెలుసు. సిగ్గుతో దాని ఒళ్లంతా కాలిపోయింది. అరిచినందుకు కాదు, ఆ చూపుకు.

తడిసిన తోకతో రేవు ఎక్కి, కూతురి చేతులు నోటి మీదినుంచి తీసింది. అడవి అంతా వినేలా గట్టిగా అంది:

"తప్పు నాది తల్లీ. నువ్వు సరైన పనే చేశావు. ఇంకెప్పుడూ అరవడానికి నన్ను అడగకు."

ఆ ఎండాకాలం ముగిసేలోగా లీజల్ దగ్గర తల్లీకూతుళ్లిద్దరూ ఈత నేర్చుకున్నారు. ఇప్పుడు ఆ సరస్సులో ఏ పిల్ల దిగాలన్నా ముందు ఒడ్డున నిలబడి ఒక కేక వేసి చూపాలి. ఆ కేక ఎలా వేయాలో నేర్పేది నేరేడే.

నీతి: నలుగురూ ఏమనుకుంటారోనన్న సిగ్గు ప్రాణాల మీదికి తెస్తుంది. పిల్లలకు మర్యాద నేర్పవచ్చు, కానీ అంతకంటే ముందు ఆపదలో కేక వేయడం నేర్పాలి.