ముడి కింద చిగురు

గుండ్లకోనలో ఎండలు ముదిరాయంటే సగం ఊరు మట్టిలోకి దిగిపోతుంది. కుంట అడుగున బురద గట్టిపడకముందే కప్పలు, తాబేళ్ళు, నత్తలు ఎవరి చోటు వాళ్ళు చూసుకుని తొలకరి దాకా కళ్ళు మూసుకుంటాయి. ఎద్దులకూ మేకలకూ ఉడుతలకూ ఆ సౌకర్యం లేదు. ఎండైనా వానైనా నేల మీదే బతుకు.

ఆ కోనలో ప్రతి ఇంటికీ ఒక గులాబీ ఉంటుంది. గట్టు మీద ఎర్రనేల ఉన్నవాళ్ళు నేలలోనే పాదు చేసి పెంచుకుంటారు. కుంట ఒడ్డున నల్లమట్టిలో నీరు నిలిచి వేళ్ళు కుళ్ళిపోతాయి కనుక, అక్కడివాళ్ళు ఎర్రమన్నూ ఇసుకా పశువుల ఎరువూ కలిపి కుండీల్లో పెట్టుకుంటారు. మట్టిలోకి దిగేవాళ్ళు తమ కుండీలను పైన ఉండేవాళ్ళకు అప్పగించి వెళ్తారు. తొలకరి పడి వాళ్ళు లేచి వచ్చిన రోజున, అప్పగింత తీసుకున్నవాళ్ళు ఆ మొక్క పువ్వొకటి తెచ్చి ముక్కు దగ్గర పెట్టాలి. ఆ వాసన తగిలాకే లేచినవాళ్ళు నోరు విప్పుతారు. అది అక్కడి ఆచారం.

ఆ ఏడు చిప్పవ్వ అనే ముసలి తాబేలు తన కుండీని పుల్లన్నకు అప్పగించింది. పుల్లన్న ఎర్రటి ఎద్దు. పన్నెండేళ్ళు నాగలి లాగి, మెడ కాయలు కాసి, ఇప్పుడు కుంట గట్టున నెమరు వేసుకుంటూ ఉండేవాడు. ఓపిక అంటే కోనలో అందరూ అతని పేరే చెప్పేవాళ్ళు.

"నాయనా పుల్లన్నా, ఇటు వంగి చూడు" అంది చిప్పవ్వ. "మొక్క మొదట్లో బుడిపెలా ఉందే, ఇది అంటు కట్టిన ముడి. ముడి పైన ఉన్నది మా అక్క గులాబీ. కింద ఉన్నది అడవి గులాబీ. వేరు దానిది, పువ్వు దీనిది. ముడి కింద ఎప్పుడు చిగురు వచ్చినా గిల్లెయ్యి. జాలి పడకు."

"పాపం, అదీ చిగురేగా అవ్వా?"

"అది పెరిగితే ఇది చస్తుంది. అంతే."

పుల్లన్న తల ఊపాడు. చిప్పవ్వ మెడ చాచి కుండీ అంచుకు ఆనించింది.

"మా అక్క పోయి ఆరేళ్ళయింది నాయనా. పాదులో ఉన్న తల్లి మొక్క ఆ ఏడాది వరదకు కొట్టుకుపోయింది. ఇంకెక్కడా లేదు, ఈ కుండీ ఒక్కటే. ఈ వాసన వస్తే మా అక్క వచ్చి పక్కన కూర్చున్నట్టు ఉంటుంది. ఈసారి లేస్తానో లేదో తెలియదు. లేస్తే మాత్రం ఆ పువ్వు చూపించు."

"నా ప్రాణం అడ్డుపెట్టి కాపాడతాను."

"ప్రాణాలు ఎందుకు నాయనా? చెప్పింది చెయ్యి, చాలు."

ఆ మర్నాడే చిప్పవ్వ బురదలోకి దిగిపోయింది.

పుల్లన్న కష్టానికి వెనకాడేవాడు కాదు. కుండీ చుట్టూ తుమ్మకంప అడ్డంగా పేర్చాడు. ఉదయం ఒకసారి, పొద్దు వాలాక ఒకసారి నోటి నిండా నీళ్ళు పట్టి తెచ్చి పోశాడు. మధ్యాహ్నం తనే అడ్డంగా నిలబడి తన నీడ మొక్క మీద పడేలా చూశాడు. ఇంత చేసినా ఆ ఎండలకు పై కొమ్మలు రెండూ ఆకు రాల్చాయి. చివర మాత్రం నాలుగు మెత్తటి చిగుళ్ళు ప్రాణం పట్టుకుని ఉన్నాయి.

అప్పుడే ముడి కింద నుంచి ఒక చిగురు వచ్చింది. ఎర్రగా, బలంగా, నిటారుగా. పుల్లన్నకు అవ్వ మాట గుర్తుంది. గిల్లుదామని వంగాడు కూడా. కాని ఈ మండే ఎండలో కంటికి ఇంపుగా ఉన్నది అదొక్కటే. రేపు చూద్దాంలే అనుకున్నాడు. రేపు వచ్చింది, ఎల్లుండి వచ్చింది. పది రోజుల్లో జానెడు కొమ్మ మూరెడు అయింది.

మచ్చల మేక మాచక్కకు ఆ కుండీ మీద మూడేళ్ళుగా కన్నుంది. ఈ ఏడు పుల్లన్న కొమ్ములకు భయపడి దగ్గరికి రాలేకపోయింది. ఆ రోజు కంప అవతల నిలబడి పలకరించింది.

"ఏమన్నా పుల్లన్నా, నువ్వు వాడిపోయినా మొక్క మాత్రం ఏపుగా ఉందే!"

"ఎక్కడమ్మా! పైన చూడు, ఎలా చిక్కిపోయిందో."

"పైది వదిలెయ్. కిందిది చూడు, పెళ్ళికొడుకులా ఉంది."

"కిందిది గిల్లెయ్యమంది అవ్వ."

"మరి గిల్లావా?"

పుల్లన్న నెమరు ఆపాడు.

"గిల్లలేదు. ఎందుకంటే ఏది మంచిదో నీ కంటికి తెలుసు" అంది మాచక్క. "అవ్వ కుంటలో పుట్టి కుంటలో ముసలిదైంది. ఏనాడైనా చేను ముఖం చూసిందా? నువ్వు పన్నెండేళ్ళు సేద్యం చేసినవాడివి. జొన్నచేలో మొలకలు ఒత్తుగా వస్తే ఏం చేస్తారు?"

"బక్కవి పీకేసి బలమైనవి ఉంచుతారు."

"ఎవరైనా బలమైనవి పీకి బక్కవి ఉంచుతారా?"

"ఉంచరు."

"సరే, ఆకులు లెక్కపెట్టు. పైదానికి రెమ్మకు ఎన్ని?"

"ఐదు."

"కిందిదానికి?"

పుల్లన్న వంగి నిదానంగా చూశాడు. "ఏడు."

"ఏది గొప్ప?"

"ఏడే అనుకో" అని నవ్వాడు పుల్లన్న. "నీ మాటలు భలే ఉంటాయి మాచక్కా."

"నాకేం పోయిందన్నా. తొలకరికి అవ్వ లేస్తుంది. ఎండుపుల్ల చూపిస్తావో, పచ్చటి పొద చూపిస్తావో నీ ఇష్టం. ఆ రోజు ఊరంతా చూస్తుంది మరి."

ఊరంతా చూస్తుందన్న మాట పుల్లన్న మనసులో ముల్లులా దిగింది. ఇన్నాళ్ళూ తనను ఓపిక గలవాడన్న నోళ్ళే రేపు ఒక్క మొక్కను కాపాడలేకపోయాడంటాయి. మూడు రోజులు అదే నెమరు వేశాడు. తన చేను, తన అనుభవం, తన పేరు, అన్నీ గుర్తొచ్చాయి. అవ్వ చెప్పిన నాలుగు మాటలు వాటి కింద పడి నలిగిపోయాయి.

నాలుగో రోజు చారయ్యను పిలిపించాడు. చారయ్య ఉడుత. కోనలో గులాబీ కొమ్మలన్నీ కత్తిరించేది అతనే. కోత ఏటవాలుగా పడేలా కొరికి, పైన పేడముద్ద అంటించే పనితనం అతనిది.

"ఏం మామా, ముడి పైనా, కిందా?" అని అడిగాడు చారయ్య.

"పైన. రెండు కొమ్మలూ ముడి దాకా తీసెయ్."

చారయ్య తోక కిందికి దించాడు. "ఇంకోసారి చెప్పు మామా."

"చెప్పానుగా. బక్కది పోతే బలమంతా దీనికి వస్తుంది."

"ముడి పైన మొత్తం ఖాళీ చెయ్యమని ఇన్నేళ్ళలో నన్నెవరూ అడగలేదు. అవ్వ చెప్పిందా?"

"అవ్వ అప్పగించింది నాకు, నీకు కాదు!"

పుల్లన్న గొంతు అంత పైకి లేవడం చారయ్య ఎప్పుడూ వినలేదు. కంప అవతల నుంచి మాచక్క అందుకుంది.

"పనివాడికి ప్రశ్నలెందుకన్నా? పళ్ళు అరిగిపోయాయేమో కనుక్కో."

చారయ్య కుండీ అంచు మీదికి దూకాడు. ఎక్కి కొరికాడు. రెండు కొమ్మలూ నేల మీద పడ్డాయి. దిగి వచ్చి మెల్లగా అన్నాడు.

"మామా, పోనీ వీటిని నాలుగు ముక్కలు చేసి తడిమట్టిలో గుచ్చుదాం. నీడలో ఒక్కటైనా వేరు పట్టవచ్చు."

పుల్లన్న సరేననబోయాడు.

"ఈ ఎండకా?" అంది మాచక్క. "ఎండిపోయి కుండీ చుట్టూ చెత్త అవుతుంది. ఇటు పడెయ్ అన్నా, నేను ఎత్తేస్తాను."

పుల్లన్న కొమ్ములతో ఆ కొమ్మలను కంప మీదుగా అవతలికి తోశాడు. మాచక్క చిగుళ్ళు తింది, బెరడు తింది, చివరికి పుల్లలు కూడా నమిలింది. కంప సందులోంచి బయటికి వాలిన ఏడాకుల కొమ్మను మాత్రం మూతితో పక్కకు నెట్టింది. పుల్లన్న అది చూశాడు. చూసి కూడా ఆలోచించలేదు.

ఆ తర్వాత మొక్క పెరిగింది. కుండీ పట్టనంతగా గుబురుకట్టింది. దారిన పోయేవాళ్ళు ఆగి చూశారు. పుల్లన్న చేయి పడితే మోడైనా పచ్చబడుతుందని పొగిడారు. పుల్లన్న మెడ కాస్త పైకెత్తి నడిచాడు. మాచక్క మళ్ళీ అటు రాలేదు.

తొలకరి పడిన మూడో రోజు మొక్క పూసింది. గోరంత పూలు, తెల్లగా, గుత్తులు గుత్తులుగా. పెద్ద పువ్వు వెనక వస్తుందేమోనని పుల్లన్న రెండు రోజులు ఎదురుచూశాడు. తర్వాత దగ్గరగా వెళ్ళి ముక్కు పెట్టాడు. తడిసిన ఆకు వాసన తప్ప ఏమీ లేదు. ఇంకో గుత్తికి పెట్టాడు. ఇంకోదానికి పెట్టాడు. పొద అంతా వెతికాడు.

అవ్వ చెప్పిన ప్రతి మాటా అప్పుడు వరసగా గుర్తొచ్చింది. వేరు దానిది, పువ్వు దీనిది. అది పెరిగితే ఇది చస్తుంది.

తిన్నగా మాచక్క దగ్గరికి వెళ్ళాడు.

"నీకు ముందే తెలుసా?"

"తెలియకేం అన్నా! ఏడాకులది నోట పెడితే నాలుకంతా ముళ్ళు. ఐదాకుల చిగురు వెన్న. రోజంతా ఆకులు నమిలేదాన్ని, ఆమాత్రం తెలియదా?"

"అబద్ధం చెప్పి నా చేత ఎంత పని చేయించావు!"

"ఏం అబద్ధం చెప్పాను? ఆకులు లెక్కపెట్టమన్నాను, పెట్టావు. ఏది గొప్ప అన్నాను, ఏడన్నావు. చారయ్యతో 'పైన' అన్నది ఎవరు? కొమ్మలు తోసింది ఎవరి కొమ్ములు? నేను కంప దాటి ఒక్క అడుగు లోపలికి వేశానా?"

పుల్లన్న కొమ్ములు దించాడు. కాని పొడవవలసింది ఎవరినో తోచలేదు. వెనక్కి తిరిగాడు.

దారిలో చారయ్య ఎదురొచ్చాడు. సంగతి విని, చాలాసేపు తోక దువ్వుకున్నాడు.

"మామా, గట్టు మీద పాదుల్లో మంచి గులాబీలున్నాయి. ఒకటి తెస్తాను. అవ్వకు చూపు సరిగా ఆనదు."

"ముక్కు ఉంది కదరా" అన్నాడు పుల్లన్న. "ఒకసారి మాట తప్పాను. రెండోసారి మోసం కూడానా? వద్దు."

లేచేవాళ్ళు లేచే రోజు వచ్చింది. కుంట ఒడ్డున పైవాళ్ళందరూ పువ్వులు పట్టుకుని నిలబడ్డారు. కప్పలు ఒక్కొక్కటే పైకి వచ్చాయి. ముక్కుకు వాసన తగిలింది, గొంతులు తెరుచుకున్నాయి. ఒడ్డంతా ఒకటే గోల, పలకరింపులు, నవ్వులు.

చివరకు చిప్పవ్వ వచ్చింది. బురద కారుతున్న చిప్పతో, ముందుకన్నా చిక్కి, మెల్లగా ఒడ్డెక్కి పుల్లన్న ముందు ఆగింది. కళ్ళు మూసుకుని మెడ చాచి ఎదురుచూసింది.

పుల్లన్న నోట పువ్వు లేదు.

"అవ్వా" అన్నాడు. "ముడి పైన నేనే తెంపించాను. మాచక్క ఎగదోసింది నిజమే, కాని మాట నాది. ఒక్క పుల్ల కూడా మిగల్చలేదు."

చిప్పవ్వ కళ్ళు తెరిచింది. ఆచారం ప్రకారం ఆమె మాట్లాడకూడదు, మాట్లాడలేదు. నెమ్మదిగా కుండీ వైపు నడిచింది. ఆ కాస్త దూరానికి ఆమెకు సగం పూట పట్టింది. పుల్లన్న పక్కనే అడుగులో అడుగు వేస్తూ వెళ్ళాడు. చిప్పవ్వ తెల్లటి గుత్తుల వైపు చూడను కూడా చూడలేదు. మొక్క మొదట్లో, ముడి మీద ఎండిపోయిన కోత దగ్గర ముక్కు ఆనించి ఉండిపోయింది. ఆ చోట చారయ్య అంటించిన పేడముద్ద పొడిపొడిగా రాలింది.

తర్వాత వెనక్కి తిరిగింది. పోతూ పోతూ పుల్లన్న గిట్ట దగ్గర ఒక్క క్షణం ఆగింది. అది కోపమో క్షమో అతనికి ఈనాటికీ తెలియదు.

ఆ ఏడంతా చిప్పవ్వ గొంతు ఎవరూ వినలేదు. మళ్ళీ ఎండలు ముదిరినప్పుడు, ఎవరికీ ఏమీ అప్పగించకుండా బురదలోకి దిగిపోయింది.

"ఈ పొదను పీకేద్దామా మామా?" అని అడిగాడు చారయ్య.

"వద్దు. ఉండనీ" అన్నాడు పుల్లన్న. "రోజూ నా కంటికి కనపడాలి."

ఇప్పటికీ ఉదయం ఒకసారి, పొద్దు వాలాక ఒకసారి దానికి నీళ్ళు పోస్తూనే ఉన్నాడు.

అప్పగింత తీసుకున్నవాడు అప్పగించినవారి మాట దాటితే, ప్రేమతో చేసిన చాకిరీ కూడా ద్రోహమే అవుతుంది.