విప్పిన మగ్గాలు

పరదేశయ్య మాస్టారు పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. సాయంత్రాలు తన ఇంటి అరుగు మీద ఉద్యోగాల్లేని కుర్రాళ్ళకి పోటీ పరీక్షల లెక్కలు చెప్పేవారు. ఆయనకొక అలవాటుంది. పెద్ద ప్రశ్న ఏదైనా అడిగితే నోటితో జవాబు చెప్పరు. అడిగినవాణ్ణి ఎక్కడికో ఒకచోటికి పంపుతారు. వాడు తిరిగొచ్చాక కూడా ప్రశ్న మిగిలుంటే అప్పుడు మాట్లాడతారు.

తవిటినాయుడు మెకానికల్ ఇంజనీరింగు మంచి మార్కులతో ప్యాసై, మూడేళ్ళుగా ఆ అరుగు మీదే కూర్చుంటున్నాడు. ఒకరోజు పుస్తకం మూసేసి అడిగాడు.

"మా మావయ్య ఉత్త డిప్లొమాతో ఫోర్‌మన్ అయ్యాడు మాస్టారూ. నాకు ఇంజనీరింగుండి కూడా ఏదీ దొరకటం లేదు. మేము సరిగ్గా చదవలేదంటారా?"

మాస్టారు, "ఊరి చివర జూట్ మిల్లులో ఇంజనీరు కావాలంటున్నారు. వెళ్ళు" అన్నారు.

ఆ మిల్లు మూతపడి చాలాకాలమైంది. తెరుస్తున్నారు కాబోలనుకున్నాడు తవిటినాయుడు. తల్లి ఇస్త్రీ చొక్కా తీసిచ్చి, ఎదురొచ్చి మరీ పంపింది. పని దొరికింది. అయితే మిల్లు నడపటానికి కాదు, విప్పటానికి. మగ్గాలన్నీ బెంగాల్లో ఎవరో కొన్నారట. విరక్కుండా విడదీసి లారీలకెక్కించాలి. ఏ భాగం ముందు తీయాలో, దేన్ని దేనితో కట్టాలో తెలిసినవాడు కావాలి.

చిన్నబోయాడు గాని, పానా చేతికొచ్చాక మనసు మారింది. తుప్పు కింద దాక్కున్న బోల్టు కదిలినప్పుడల్లా ప్రాణం లేచొచ్చేది. చదివిన చదువు మొదటిసారి వేళ్ళలోకి దిగింది. ఇంటికెళ్ళి, చిన్నపిల్లాడిలా, ఆ మగ్గం ఎలా ఆడేదో తల్లికి చేతులు తిప్పి చూపించేవాడు.

ఒకరోజు గేటు దగ్గర పైడితల్లి అనే ముసలావిడ నిలబడి ఉంది. మిల్లులో సంచులు కుట్టి పిల్లల్ని పెంచిన మనిషి. లోపల ఇనుము మోగుతుంటే ఆశపడి వచ్చింది.

"మిల్లు మళ్ళీ ఆడతాదా బాబూ?"

కాదనటానికి నోరు రాలేదు. "చూద్దాం అమ్మా" అన్నాడు.

ఆ ఒక్కమాట చాలింది. మర్నాడు పొద్దున్నే మిల్లు పనివాళ్ళ పేటంతా గేటు ముందు ఉంది. పాత పనివాళ్ళు వచ్చారు. వాళ్ళ వెనక డిగ్రీలు చదివిన కొడుకులు, కూతుళ్ళు సర్టిఫికెట్ల కవర్లతో వచ్చారు. అదే సమయానికి మగ్గాలెక్కించిన లారీ హారన్ కొడుతూ బయటికొచ్చింది. జనం పక్కకి తప్పుకుని దారిచ్చారు. ఎవరూ అరవలేదు. పైడితల్లి మాత్రం తవిటినాయుడి దగ్గరికొచ్చి, "ముందే సెప్తే రాకపోదుం గదా బాబూ" అని, తనతో వచ్చిన, ఇంటర్ చదువుతున్న మనవరాలి చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయింది.

మిల్లంతా ఖాళీ అయ్యాక గోడలకి సున్నం పడింది. అడ్డగోడలు లేచాయి. యజమాని అక్కడ ఇంజనీరింగు కాలేజీ పెడుతున్నాడు. మేనేజరు తవిటినాయుణ్ణి పిలిచి భుజం తట్టాడు.

"పనిమంతుడివయ్యా. మా దగ్గరే ఉండిపో. ఊళ్ళు తిరిగి ఇంటర్ పిల్లల్ని మన కాలేజీలో చేర్పించటమే పని."

"చదువయ్యాక వాళ్ళెక్కడ పని చేస్తారు సార్?"

మేనేజరు నవ్వాడు. "అది వాళ్ళు చూసుకుంటారు. సంచులకి గిరాకీ పోయింది, సీట్లకి ఉంది. మనం అంతవరకే చూడాలి."

ఆ సాయంత్రం తవిటినాయుడు అరుగు మీదికొచ్చాడు. మిగతా కుర్రాళ్ళు వెళ్ళిపోయేదాకా ఆగి, జరిగిందంతా చెప్పాడు.

"చేరతానని మాటిచ్చేశాను మాస్టారూ. అమ్మకి కూడా చెప్పేశాను. రేపు మొదట మిల్లు పనివాళ్ళ పేటకే వెళ్ళమన్నారు. పైడితల్లి మనవరాలు ఈ ఏడే ఇంటర్ ప్యాసైంది."

సరిగ్గా చదవలేదా అని అతను మొదట అడిగిన ప్రశ్న ఊసు ఇద్దరూ ఎత్తలేదు. మాస్టారే అడిగారు.

"క్లాసురూముల్లో నల్లబల్లలు ఎటు వైపు పెట్టారు?"

"తూర్పు గోడకి. మగ్గాలు ఉండేవే, అక్కడ."

మాస్టారు వీధి వైపు చూస్తూ నెమ్మదిగా అన్నారు. "అయితే పిల్లలు నాలుగేళ్ళూ పని వెళ్ళిపోయిన ఆ చోటుకేసే చూస్తూ కూర్చుంటారన్నమాట."